పిడికెడు బియ్యం లెక్క

అద్దంకి జూనియర్ కాలేజీలో కామర్సు చెప్పే జయకుమారికి పెద్ద చదువులన్నీ పోస్టులోనే వచ్చాయి. బీకాం వరకు ఒంగోలులో మిషను హాస్టల్లో ఉండి చదివింది. ఆ తరువాత ఉద్యోగం, పెళ్ళి. ఎంకాం చదవాలనిపిస్తే కరస్పాండెన్స్ కోర్సులో చేరింది. సైక్లోస్టైల్ చేసిన పాఠాలు గోధుమరంగు కవర్లలో కట్టలు కట్టలుగా వచ్చేవి. వాటిలో సగం పేజీలకు సిరా అలుక్కుపోయి ఉండేది. ఆస్తులు ఏవో అప్పులు ఏవో తెలియక, కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి వెనకవైపు నుంచి చదివేది. అలా చదివి కూడా ఫస్టు క్లాసు తెచ్చుకుంది.

అంతటితో ఆగితే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. 1983లో ఆమె పీహెచ్‌డీకి కూడా అదే తోవ పట్టింది. కాలేజీ మానక్కర్లేదు. ఏటా ఎండాకాలం సెలవుల్లో కొన్నాళ్ళు యూనివర్సిటీకి వెళ్ళి గైడు దగ్గర కూర్చోవాలి. తక్కిన ఏడాదంతా ఉత్తరాల మీదే చదువు. ఒక అధ్యాయం రాసి, టైపు చేయించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అది మార్జిన్ల నిండా ఆకుపచ్చ సిరాతో తిరిగి వచ్చేది. వచ్చేసరికి ఏ మాట ఎందుకు రాసిందో ఆమెకే గుర్తుండేది కాదు.

భర్త ప్రేమదాసు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. నెమ్మదస్తుడే గానీ నాలుక ఊరుకోదు. “వీధికుక్క నన్ను చూస్తే మొరుగుతోంది, పోస్ట్‌మాన్‌ని చూస్తే తోకాడిస్తోంది. ఈ ఇంటికి ఎవరు ముఖ్యమో దానికి తెలిసిపోయింది” అనేవాడు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే గౌస్ బాషా అయితే, ఇది పూర్తయ్యేలోపు తనకూ కామర్సు వచ్చేట్టుందనీ, డిగ్రీ ఇద్దరికీ కలిపి ఇమ్మనమనీ అడిగేవాడు. జయకుమారి నవ్వి ఊరుకునేది. ఆమె ఎదుటివాళ్ళ మాటకు వెంటనే బదులు చెప్పే మనిషి కాదు. బదులు తట్టేసరికి ఎదుటివాళ్ళు వెళ్ళిపోయి ఉండేవాళ్ళు.

గైడు ప్రొఫెసర్ ఇమాం హుస్సేన్ గారిది పొదిలి దగ్గర ఒక మెట్ట ఊరు. మాట తక్కువ, ఆకుపచ్చ సిరా ఎక్కువ. బ్యాంకుల మీద, సిమెంటు కంపెనీల మీద ఇప్పటికే చాలామంది రాశారనీ, ఆమె తనకు తెలిసినచోటే తవ్వుకోవాలనీ మొదటి ఎండాకాలమే చెప్పాడు. జయకుమారికి తెలిసిన చోటు ఒకటే ఉంది. అద్దంకికి ఆరేడు మైళ్ళలో తను పుట్టిన పేట, ఆ పేటలో రాతిగోడల చర్చి. పల్లెటూళ్ళలోని ఇలాంటి సంఘాలు జమాఖర్చులు ఎలా రాసుకుంటాయి, ధాన్యంగానూ కోళ్ళుగానూ మిరపకాయలుగానూ వచ్చే కానుకలకు లెక్క ఎలా కడతాయి, ఇదీ ఆమె ఎంచుకున్న విషయం. దీనిమీద అంతకుముందు ఎవరూ రాయలేదు. పాస్టరు ఇమ్మానియేలు గారు సంఘ పెద్దలను ఒప్పించి, పుస్తకాలన్నీ చూసుకోమన్నారు. ఒక్కటే షరతు పెట్టారు. థీసిస్ పూర్తయ్యాక ఒక ప్రతి సంఘానికి ఇవ్వాలి. పెద్దలు దాన్ని చదివించుకుని వింటారు.

థీసిస్‌కు గుండెకాయ అనదగిన అధ్యాయం ఒకటుంది. అది పిడికెడు బియ్యం గురించి. పేటలోని ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. శనివారం సాయంత్రం స్త్రీల కూటానికి ఆ బియ్యం కొంగులో పోసుకుని వస్తారు. చర్చి పక్కనే చిన్న గది, ఆ గదిలో పెద్ద బాన. పాట అయ్యాక ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసుకుని, బానలో బియ్యం వేసి వస్తారు. వెళ్ళేటప్పుడు కొంగు ముడిచి పట్టుకుంటారు. వచ్చేటప్పుడూ అలాగే ముడిచి పట్టుకుంటారు. నెలకోసారి కోశాధికారి జక్రయ్య బాన ఖాళీ చేయించి, కుంచంతో కొలిపించి, వేలం వేసి, వచ్చింది రాసుకుంటాడు.

జయకుమారి ఈ పద్ధతిని చిన్నప్పుడు చూసింది. ఆమె తల్లి ఆ పేటలోనే బైబిలు చెప్పే ఉద్యోగం చేసేది. తండ్రి పోయిన కొద్దికాలానికి పదేళ్ళ పిల్లను హాస్టల్లో చేర్చింది. ఆ తరువాత సెలవులకు రావడమే గానీ జయకుమారి ఆ పేటలో ఉండలేదు.

బాన నుంచి వచ్చింది పుస్తకంలో ఉంది. బానలోకి ఎంత వెళ్ళిందో ఎక్కడా లేదు. గైడు ఆ మాటే మార్జిన్లో అడిగాడు. దాంతో 1986 వానాకాలంలో ఆమె ఒక ఏర్పాటు చేసింది. ఖాళీ పాలడబ్బాలు తెప్పించి, అన్నిటినీ ఒకే ఎత్తుకు కత్తిరించి, అంచులు చేతులకు కోసుకోకుండా సాగగొట్టించి, ఇంటికొకటి పంచింది. పిడికెడుకు బదులు ఈ డబ్బాతో కొలిచి తీయమంది. తీసినప్పుడల్లా పొయ్యి పక్క గోడమీద బొగ్గుతో ఒక గీత గీయమంది. శనివారం శనివారం తనే బస్సెక్కి వెళ్ళి, కూటం మొదలయ్యే ముందు అందరినీ వరసగా అడిగి, ఎవరు ఎన్ని గీతలు చెబితే అన్నీ రాసుకునేది. పంతులమ్మ అయింది, మన పిల్లే, ఏదో పెద్ద చదువుకోసం అడుగుతోంది అని ఎవరూ కాదనలేదు.

ఆ ఏడు మెట్టలో రోజులు బాగాలేవు. అంతకుముందు పంటలో తెల్లదోమ పత్తిని నాకేసింది. వానలు వెనకబడ్డాయి. విత్తడం లేదు, కలుపు లేదు, ఆడకూలీలను పిలిచేవాళ్ళు లేరు. రెండు రూపాయల బియ్యం కార్డుమీద వస్తున్నా, ఆ రెండు రూపాయలు కూడా కూలి చేస్తేనే కదా. అలాంటి నెలల్లో కూడా కూటంలో ఒక్కరూ సున్న చెప్పలేదు. ముగ్గురు నలుగురైతే మంచి రోజుల్లో చెప్పినన్ని గీతలే చెప్పారు. లెక్కలు చదివిన మనిషికి ఆ ముక్క దగ్గరే అనుమానం రావాలి. జయకుమారికి రాలేదు. అంకెలు నిండుగా వస్తున్నాయని సంతోషించింది.

నెలాఖరుకు జక్రయ్య కొలిపిస్తే బానలో గీతల లెక్కకు సగమే ఉంది. మరుసటి నెలా అంతే. ఎలుకలా, మనుషులా అని గైడు ఆకుపచ్చ సిరాతో అడిగాడు. ఎలుకలు అంత తినవు. గది తాళంచెవి జక్రయ్య దగ్గరే ఉంటుంది. జయకుమారి ఎవరి పేరూ ఎత్తకుండానే పాస్టరు గారితో తేడా సంగతి చెప్పింది. పేరు ఎత్తకపోయినా పేరు అదే వినబడింది. పాస్టరు గారు వడ్రంగిని పిలిపించి బానకు చెక్కమూత చేయించి, మధ్యలో గరాటు పట్టేంత కంత పెట్టించి, గొళ్ళెం వేయించారు. ఇక ఎవరూ చెయ్యి పెట్టడానికి లేదు. మూత పెట్టిన శనివారం కూటానికి సగం మంది రాలేదు. వచ్చినవాళ్ళు కూడా పాట గొంతు విప్పి పాడలేదు.

నాలుగు రోజుల తరువాత పుల్లమ్మ అద్దంకి వచ్చింది. స్త్రీల కూటానికి పెద్ద ఆమె. జయకుమారి తల్లికి వరసకు అక్క. ఏళ్ళ తరబడి మిరపకాయలు కోసిన చేతులు, వేళ్ళ చివర చర్మం ఎప్పుడూ ఊడుతూనే ఉంటుంది. మామూలుగా వస్తే ముందు మంచినీళ్ళు అడుగుతుంది, ప్రేమదాసుతో పరాచికాలాడుతుంది. ఆరోజు నేరుగా వచ్చి వరండాలో మెట్టుమీద కూర్చుంది. కుర్చీలో కూర్చోమంటే వినలేదు.

“బానకు మూత పెట్టిచ్చావంట.”

“అవును పెద్దమ్మా. బియ్యం పోతున్నాయి.”

“పోవటల్లేదు. పోవాల్సిన చోటికే పోతన్నయ్యి.”

జయకుమారికి అర్థం కాలేదు. పుల్లమ్మ తన కొంగు చివర గుప్పిట్లో ముడిచి చూపించింది.

“బియ్యం పోసి వచ్చేదానికి ముడెందుకే? ఖాళీ కొంగు దులుపుకుంటా రావచ్చుగా. ఎప్పుడన్నా ఎవరన్నా దులుపుకుంటా రాంగా చూశావా?”

చూడలేదు. పుల్లమ్మ గొంతు తగ్గించకుండా, మిరపచేలో మాట్లాడుకున్నట్టే చెప్పుకుపోయింది. పని దొరికినన్నాళ్ళు అందరూ పోస్తారు. దొరకనప్పుడు లేనివాళ్ళు తీసుకుంటారు. అందరూ ముడితోనే వెళ్ళి ముడితోనే వస్తారు కాబట్టి ఎవరు పోశారో ఎవరు తీశారో పక్కనున్న తోడికోడలికి కూడా తెలియదు. అత్తల నాటి నుంచీ ఇదే నడుస్తోంది. మగవాళ్ళకు ఈ సంగతి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

“మరి నేను అడిగితే అందరూ గీతలు చెప్పారు కదా పెద్దమ్మా.”

“చెప్పక? అంతమందిలో కూసోబెట్టి అడిగితే ఏవీ లేవని ఎట్టా చెప్తారే. నోటికొచ్చినన్ని చెప్పారు. నువ్వు పదేళ్ళకే హాస్టలుకు పోయావు. కొంగు వేసుకునేదాకా మా దగ్గరుంటే నీకూ చెప్పేవోళ్ళం.”

ఎవరెవరు తీసుకుంటున్నారని అడగబోయింది జయకుమారి. అన్నాళ్ళు పేరు పక్కన అంకె వేసిన అలవాటు. పుల్లమ్మ ఆమె మొహం చూసి ముందే అందుకుంది.

“అది తెలిస్తే ఇంక ముడెందుకమ్మా.”

జయకుమారికి తండ్రి పోయిన ఏడాది గుర్తొచ్చింది. చీకటి పడ్డాక తల్లి కూటం నుంచి రావడం, శనివారాలు మాత్రం వేడన్నం ఉండటం గుర్తొచ్చింది. అమ్మ కూడానా అని అడగాలనిపించింది. అడగకుండా లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. పుల్లమ్మ చెంబెడు నీళ్ళూ తాగి, మూత ఎప్పుడు తీయిస్తావని అడిగింది. ఈ శనివారం లోపే అని జయకుమారి చెప్పింది.

చెప్పడం తేలికే. మూత తీయించాలంటే కారణం చెప్పాలి. తేడా నిజమే, అయినా మూత వద్దంటే పెద్దలు ఊరుకోరు. అసలు సంగతి చెబితే, దేవుడికని పెట్టిన బియ్యం ఇళ్ళకు పోతోందని ఆ సాయంత్రానికే పేటంతా తెలుస్తుంది. మరునాడు పేర్లు అడుగుతారు. ఆ తరువాత బాన ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆకలేసిన మనిషి మళ్ళీ ఆ గదిలో అడుగుపెట్టదు.

రెండు రోజులు ఆలోచించి, జయకుమారి పేటకు వెళ్ళి పాస్టరు గారి ముందూ జక్రయ్య ముందూ నిలబడి, తప్పు తనదేనని చెప్పింది. డబ్బా కొలతను కుంచాల్లోకి మార్చేటప్పుడు రెండుతో హెచ్చించాల్సిన అవసరమే లేదనీ, తను పొరపాటున హెచ్చించిందనీ, అందుకే గీతల లెక్క రెట్టింపు వచ్చిందనీ, బానలో ఒక్క గింజ కూడా తగ్గలేదనీ అంది. పాస్టరు గారు కాసేపు చూసి, మంచిది తల్లీ అన్నారు. జక్రయ్య మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. ఆయనకు కడుపు మండి ఉంది.

“డాక్టరు చదువు చదివేదానివి, ఎక్కాలు రాకపోతే ఎట్టమ్మా? మా మనవడు చెప్తాడు, పంపించమంటావా?”

“పంపించు బాబాయ్” అంది జయకుమారి తలవంచుకుని.

ఆ మాట పేట దాటి అద్దంకి చేరడానికి వారం పట్టలేదు. కాలేజీ స్టాఫ్‌రూములో లెక్చరర్లు కుంచానికి ఎన్ని డబ్బాలని ఒకరినొకరు అడుగుకుని నవ్వుకున్నారు. ప్రేమదాసు భార్య మొహం చూసి, ఈ ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం చేయలేదు. మూత ఊడదీశారు. పాలడబ్బాలన్నీ ఎవరింట్లో ఉప్పుకో పసుపుకో పోయాయి. శనివారం కూటానికి అందరూ వచ్చారు.

ఇక మిగిలింది థీసిస్. గైడుకు ఉత్తరం రాసింది. తేడాకు కారణం తెలిసిందనీ, రాయలేననీ రాసింది. తిరుగు టపాలో ఆయన, తరుగు అని రాసి ముందుకు సాగమన్నాడు. నిల్వలో తరుగు సహజమే, ఎవరూ నిలదీయరు. ఆ ఒక్క మాట రాస్తే అధ్యాయం నిలబడుతుంది, గడువులోపు థీసిస్ అందుతుంది. ఒంగోలులో ఒక డిగ్రీ కాలేజీ వాళ్ళు, 1988 లోపు పీహెచ్‌డీ వస్తే తమ దగ్గర ఖాళీ ఉందన్నారు. కానీ సంఘానికి ఇచ్చే ప్రతిలో సగానికి సగం తరుగు అని ఉంటే, పెద్దలు మళ్ళీ మూత తెస్తారు. లేదంటే జక్రయ్యను దొంగను చేస్తారు.

1987 ఎండాకాలంలో గైడు ఎదుట కూర్చున్నప్పుడు ఆయన అధ్యాయం తెరిచి ముందు పెట్టాడు.

“తరుగు కాదంటారు. దొంగతనమా?”

“కాదండి.”

“మరి?”

“చెప్పలేనండి సార్.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. కారణం చెప్పలేని అంకెలు థీసిస్‌లో ఉండటానికి వీల్లేదనీ, ఈ అధ్యాయం తీసేస్తే మిగిలినదాంట్లో కొత్త విషయం ఏమీ లేదనీ, అప్పుడు ఈ గడువులో డిగ్రీ రాదనీ విడమరిచి చెప్పాడు. ఆలోచించుకుని రేపు రమ్మన్నాడు.

“ఆలోచించుకునే వచ్చానండి. తీసేయండి” అంది జయకుమారి. జీవితంలో ఎదుటివాళ్ళు లేచి వెళ్ళకముందే ఆమె చెప్పిన మొదటి బదులు అదేనేమో.

ఆయన అధ్యాయాన్ని దారంనుంచి విప్పి ఆమె చేతికిచ్చాడు. గడువు పొడిగించమని తనే దరఖాస్తు మీద రాసి సంతకం పెట్టాడు. ఒంగోలు ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది.

కొత్త అధ్యాయానికి విషయం కోతల పండుగలో దొరికింది. పంట ఇళ్ళకు చేరాక పేటలో ఆ పండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి చర్చిలో పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు డబ్బు కట్టి, ఆ వస్తువునే మళ్ళీ కానుకగా ఇచ్చేస్తారు. మళ్ళీ పాట. ఆ ఏడు ఒక గుమ్మడికాయను నలుగురు కొన్నారు. చివరి పాటగాడు కూడా తిరిగిచ్చేస్తాడేమోనని పాస్టరు గారి భార్య దాన్ని తీసుకెళ్ళి కోసేసింది. కాయ ఒకటి, అమ్మకాలు నాలుగు. దీన్ని పుస్తకంలో ఎలా చూపాలన్నదాని మీద జయకుమారి రెండేళ్ళు పనిచేసింది. పది పన్నెండు ఊళ్ళ పండుగలకు వెళ్ళింది. పోయిన ప్రతిచోటా జక్రయ్య అన్న మాట ముందే చేరి ఉండేది. ఎక్కాలు రాని డాక్టరమ్మ వచ్చిందని కుర్చీ వేసేవాళ్ళు. గౌస్ బాషా గుమ్మడికాయ అనే మాట ఇంగ్లీషులో కొట్టీ కొట్టీ విసిగి, ఈసారి బూడిదగుమ్మడి తగిలితే తనవల్ల కాదన్నాడు.

1989లో వైవా జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి పెద్దవాడు, జాగ్రత్తగా చదివి వచ్చాడు. గుమ్మడికాయ దగ్గర నవ్వాడు. తరువాత ఒక పేజీ తిప్పి, ఇలాంటి సంఘాల్లో ఆడవాళ్ళు పిడికెడు బియ్యం తీయడం ఉంటుందని తనకు తెలుసనీ, ఇంత పెద్ద థీసిస్‌లో దాని ఊసే లేదేమిటనీ అడిగాడు. గైడు బల్లమీదున్న పెన్ను వంక చూస్తూ కూర్చున్నాడు.

“అది సంఘం సొత్తు కాదండి” అంది జయకుమారి. “అక్కడి ఆడవాళ్ళది. వాళ్ళు ఇచ్చినంతవరకే సంఘానిది. నా పరిశీలన సంఘం లెక్కల వరకే.”

ఆయన ఆ జవాబును కాసేపు అటూ ఇటూ తిప్పి చూసినట్టున్నాడు. ఒక సంస్థ హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోవడం అకౌంటెన్సీలో మొదటి పాఠమే కదా అని తనలో తనే గొణుక్కుని, ఏదో రాసుకున్నాడు. మరి అడగలేదు. మధ్యాహ్నానికి డిగ్రీకి సిఫారసు చేసినట్టు చెప్పారు.

గైడు ఆమెను క్యాంటీనుకు తీసుకెళ్ళాడు. ఆరేళ్ళలో ఆయన ఆమెకు టీ ఇప్పించడం అదే మొదలు. గాజు గ్లాసుల్లో టీ వచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, చుట్టూ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“జయకుమారి గారూ, ఇక మీకు ఏ భయమూ లేదు. ఆ సగం బియ్యం ఏమైందో ఇప్పుడన్నా నాకొక్కడికి చెప్పండి.”

“మీరు ప్రొఫెసరు గారండి సార్. తెలిస్తే రాయకుండా ఉండలేరు.”

ఆయన కాదనబోయి ఆగాడు. గ్లాసు కింద పెట్టి, అద్దంకి బస్సు ఎన్ని గంటలకని అడిగాడు.